బుడగ కింద మాట

బొమ్మల పత్రికలో వీరుడు పిడుగన్న ఏడేళ్ళు వెనక్కి పోయి అక్కడే ఇరుక్కున్నాడు. తోసినవాడు గడియారాసురుడు. లాక్కురావలసినవాడు బొమ్మలేసే బావ. ఆ బావేమో నూట పదకొండో సంచిక చివరి బొమ్మ మీద సిరా ఆరకముందే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

“శనివారానికల్లా పిడుగన్నని ఇల్లు చేర్చకపోతే పత్రిక మూసేస్తారట ముత్యాలు గారూ,” అంది ఎడిటరు.

ముత్యాలంటే ఆ బావకి బామ్మర్ది, బొమ్మల నోటి దగ్గర బుడగల్లో మాటలు రాసే ఆయన. దస్తూరిని బట్టి వచ్చిన పేరు. బొమ్మ గీస్తే మాత్రం ఏనుక్కీ ఎలక్కీ తేడా తెలీదు.

“బొమ్మలు నాకు రావు. వచ్చినా ఆయన పేజీ ముట్టను,” అన్నాడు.

ముట్టక ఏడేళ్ళయింది మరి. అక్క మొగుడే, ఆఫీసులో పక్క గదే, అయినా మాటల్లేవు. కారణం ముక్కు. బావ సరదాకి గడియారాసురుడికి ముత్యాలు ముక్కు పెట్టాడు. అది సంచిక సంచికకీ పెరిగి, వానొస్తే దాని కింద నలుగురు తలదాచుకునేంత అయింది. వీధిలో పిల్లలు ఈయన్ని ఆపి టైమడగడం మొదలెట్టారు. అసలే ముక్కు మీద కోపం మనిషి. ఆనాటి నుంచి మాటలు చీటీల మీద రాసి పంపేవాడు, ఎడిటరు వాటిని బంకతో బొమ్మల మీద అంటించేది. అక్క పోయిన రోజున కూడా బావా బామ్మర్దులు చెరో గోడకీ ఆనుకుని కూర్చున్నారు.

“ఒక్కసారి, ఒక్కసారి వచ్చి పలకరించాడా?” అన్నాడు ముత్యాలు.

ఎడిటరు పాత పేజీల బీరువా తాళం చేతిలో పెట్టింది. “గతమంటే పాత పేజీలేగా. పిడుగన్న అక్కడే తిరుగుతున్నాడు. పాత బుడగలు ఊడదీసి కొత్త మాటలు అంటించండి.”

బావ గదిలో కుర్చీ మెత్త ఇంకా గుంటపడే ఉంది. ముత్యాలు నిలబడే పని మొదలెట్టాడు. మొదటి బుడగ గోటితో లేపాడు. కింద పెన్సిలు రాత: “బామ్మర్దీ, కోపం తగ్గిందా?”

ఇంకో సంచిక తీశాడు. “ముక్కు పిసరు తగ్గించాను. చూశావా?” ఇంకోటి. “గోడవతల తెగ దగ్గుతున్నావు, మందేసుకో.” అక్క పోయిన నెల సంచికలో ఒకటే మాట: “తిన్నావా?”

ముత్యాలు కుర్చీలో కూలబడ్డాడు.

“నీకు తెలుసామ్మా?” అన్నాడు గుమ్మంలో ఉన్న ఎడిటరుతో.

“తెలుసండీ. చెప్పొద్దన్నారు. పేజీ ముట్టుకున్న రోజున తనే చూస్తాడన్నారు.”

మూడు రోజులు ఒక్కడే కూర్చుని ప్రతి బుడగా ఊడదీశాడు, అక్కర్లేనివి కూడా. శనివారం ఉదయానికి, ఓ పాత బొమ్మలోనే, పిడుగన్న తన గుమ్మం ముందు నిలబడ్డాడు. “వచ్చేశాను” అని చీటీ మీద రాశాడు ముత్యాలు. అంటించబోయి ఆగి, పెన్సిలు తీసుకుని బొమ్మ మీద సన్నగా రాశాడు: “తగ్గింది బావా. తిన్నాను.”

తినలేదు. అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ రాత మీద బుడగ పెట్టి, బంక ఆరేదాకా బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు.

“గడియారాసురుడి ముక్కు కాస్త చెక్కించమంటారా?” అంది ఎడిటరు.

“ఉండనివ్వమ్మా. చూసి చూసి వేసిన ముక్కు.”