చప్పిడి కూడు

మొగుడు హరిబాబుకి జబ్బు తిరగబెట్టిందని కుసుమకుమారికి ఎవరూ చెప్పలేదు. తెల్లారుతూనే మరుగుదొడ్డి గడియ పడింది. కాసేపటికి మళ్లీ పడింది. పొయ్యి దగ్గర ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంకోసారి పడేసరికి లేచి వెళ్లి తలుపు బయట నిలబడింది.

"మావా... నెత్తురు పడతన్నాదేటి?"

లోపలి నుంచి చెంబు ముంచిన చప్పుడు వచ్చింది. ఆమెకి అర్థమైపోయింది.

వాళ్లది భోగాపురానికి తూర్పున, సముద్రాన్ని ఆనుకున్న పల్లె. హరిబాబు తన అక్క మొగుడు నూకయ్య బోటు మీద వేటకి వెళ్లేవాడు. వల లాగితే హరిబాబే లాగాలి అనేవారు ఆ ఒడ్డున. పెళ్లయిన కొన్నేళ్లకి కడుపులో మెలిపెట్టే నొప్పి, నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. వేడి చేసిందన్నారు. మొలలన్నారు. పసరు మందు తాగించారు. ఒకనాడు నడిసంద్రంలో ఆపుకోలేక, తోటి మగాళ్ల ఎదుట బట్టలు పాడు చేసుకున్నాడు. ఆ రోజు బోటు ఒడ్డుకి వచ్చింది గాని మనిషి ఇంటికి రాలేదు. కుసుమ వెతుక్కుంటూ వెళితే సరుగుడు తోటలో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేరే లుంగీ ఇచ్చి, ఏమీ అడక్కుండా తీసుకొచ్చింది.

ఆ తరువాతే విజయనగరం వెళ్లారు. డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపల పుండ్లు పడ్డాయంది.

"ఇది మొత్తంగా పోయే జబ్బు కాదమ్మా. అదుపులో పెట్టుకోవాలి. బాగున్నా మాత్రలు మానకూడదు. వేళకి తినాలి, వేళకి పడుకోవాలి. ఒంటికి ఏది పడదో కనిపెట్టుకుంటూ ఉండాలి."

ఆ ఆఖరి మాటని కుసుమ గట్టిగా పట్టుకుంది. నొప్పి అతనిది, మాత్రలు అతనివి. తన చేతిలో ఉన్నది వంట ఒక్కటే.

కారం డబ్బా అటకెక్కింది. కవళ్ల చేపల పులుసు, నెత్తళ్ల వేపుడు, చింతకాయ పచ్చడి ఆ ఇంట్లో కనబడడం మానేశాయి. పాలు పడడం లేదని కనిపెట్టి టీ కూడా మాన్పించింది. మెత్తగా ఉడికిన అన్నం, తొక్క తీసిన సొరకాయ, ఉప్పూ పసుపూ వేసి ఉడికించిన చేప, బాగా మగ్గిన అరటిపండు. అదైనా ఒక్కసారి కడుపు నిండా కాదు, కొంచెం కొంచెం. తానూ అదే తినేది. ఎదురుగా కూర్చుని పులుసు కలుపుకుంటే అతనికి ముద్ద దిగదని ఆమెకి తెలుసు.

"మనిసి తినే కూడేనా ఇది? నోట్లో ఎడితే గోడ సున్నం నాకినట్టున్నాది" అని అత్త తాతమ్మ సణిగేది. సణుగుతూనే కొడుకు పళ్లెంలో చేపముళ్లు ఏరి పెట్టేది.

చిత్రం, ఆ చప్పిడి కూడుతోనే అతను తేరుకున్నాడు. నెత్తురు ఆగింది. పీక్కుపోయిన దవడలు పూడాయి. వలలు బాగుచేసుకుంటూ ఒడ్డు మీదే ఉండిపోయినవాణ్ణి ఒకరోజు నూకయ్య వచ్చి, "ఏరా, ఇంకెన్నాళ్లు ఆడోళ్లలాగ ఇంటికాడ? రేపు రా" అని పిలిచాడు. కుసుమ క్యారేజీ కట్టి ఇచ్చింది. ఆ రోజు వేట నుంచి తిరిగొస్తూ హరిబాబు ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"కుసుమా, నానే లాగినాను వల! ఎవుడి సాయం లేదు!"

కొత్త పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు కూడా అతను ఆమె కోసం అలా పరిగెత్తింది లేదు. నీ చేతి వంటే నీ మొగుణ్ణి బతికించిందే అని చేపల గంపల దగ్గర ఆడవాళ్లు అంటుంటే, ఆమె కాదనలేదు. కాదనవలసిందేమో అని తరువాత అనిపించింది.

ఆ సంబరం చల్లారక ముందే జబ్బు తిరగబెట్టింది.

"ఏటెట్టినావే ఆడికి?" తాతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏటీ ఎట్టలేదత్తా. రోజూ ఎట్టిందే ఎట్టినాను."

"ఎట్టకపోతే ఎలగొస్తాదే? ఉత్తినే పడతాదేటి నెత్తురు? ఎక్కడో సెయ్యి జారుంటాది నీది."

కుసుమకి కోపం రాలేదు. భయం వేసింది. తన లోపల తిరుగుతున్న మాటే అత్త నోట వచ్చింది మరి. నిన్నా మొన్నా వండినవన్నీ తలుచుకుంది. సొరకాయ ముదురుదా? లేతదే, గోరు దిగింది. చేప నిలవదా? ఆ పూట పడిందే. ఎంత వెతికినా తన వంటలో తప్పు దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం మొగుడి మీదకి మళ్లింది.

"నిజం సెప్పు మావా. బోటు మీద ఏటన్నా తిన్నావా?"

హరిబాబు మంచం మీద మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడున్నాడు. "నువ్వు కట్టిందే తిన్నాను."

"ఒట్టెయ్యి."

అతను కళ్లు మూసుకున్నాడు. "ఆళ్లు కూరొండుకుంటంటే ఆ వాసనకి తట్టుకోలేక అటేపు తిరిగి కూసున్నానే. ఇంకేటి సెయ్యమంటావు నన్ను?"

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేకపోయింది. తిన్నగా నూకయ్య ఇంటికి వెళ్లి, వాకిట్లో వల చిక్కు తీసుకుంటున్న అతని మీద విరుచుకుపడింది.

"మీరే తినిపించినారన్నయ్యా! ఓ ముక్క తింటే ఏటవుతాదని ఎట్టుంటారు. ఇప్పుడు సూడండి, మనిసి లెగనేకపోతన్నాడు!"

వీధిలో వాళ్లంతా బయటికి వచ్చారు. హరిబాబు అక్క కూర్మమ్మ గడపలో నిలబడి నోరు నొక్కుకుంది. నూకయ్య ఒక మాటకి నాలుగు మాటలు అనే మనిషి. ఆ రోజు అనలేదు. వల పక్కన పెట్టాడు.

"గంగమ్మ మీద ఒట్టు సెల్లీ. నానే ఓపాలి ముక్క ఎట్టబోయినాను. నా సెయ్యి తోసీసినాడు. కుసుమ కష్టం నీకు తెల్దు బావా అన్నాడు. ఆడేటీ తిన్లేదమ్మా."

కుసుమ అరుగు మీద కూలబడింది. కూర్మమ్మ తెచ్చిన మంచినీళ్లు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయింది.

మర్నాడు ఊళ్లోని దాలయ్య ఆటోలో మొగుణ్ణి విజయనగరం తీసుకెళ్లింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష చేయించి, ఈసారి కాస్త గట్టిగానే తిరగబెట్టిందంది. కొత్త మాత్రలు రాసింది. తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సి ఉంటుందంది.

కుసుమ తను వండినవన్నీ పూటపూటా ఏకరువు పెట్టింది. "ఇందులో ఏది తప్పో సెప్పండమ్మా. అదొక్కటీ మానిపించీస్తాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఏదీ తప్పు కాదమ్మా. నీ అంత జాగ్రత్తగా చూసుకునేవాళ్లు తక్కువ."

"మరెందుకొచ్చినాదండి?"

"ఈ జబ్బు తీరే అంత. ఒక్కోసారి అన్నీ సరిగ్గా చేసినా వస్తుంది. తిండి వల్ల పుట్టిన జబ్బు కాదిది. తిండితో బాధ కొంత తగ్గుతుంది గానీ, రాకుండా ఆపలేం."

"అయితే నానేటి సెయ్యాలి?"

"ఇప్పటిదాకా చేసిందే చెయ్యమ్మా."

తప్పు నీది కాదంటే ఎవరికైనా గుండె బరువు దిగాలి. కుసుమకి మాత్రం అల వెనక్కి పోతున్నప్పుడు పాదాల కింద ఇసక లాగేసినట్టయింది. తప్పంటూ ఉంటే దిద్దుకునేది. ఉప్పు ఎక్కువైతే తగ్గించేది. ఏ తప్పూ లేదంటే ఇక దేన్ని పట్టుకుని నిలబడాలి?

తిరుగు దారిలో హరిబాబు ఉన్నట్టుండి దాలయ్య భుజం పట్టుకున్నాడు. "ఆపు... బేగి ఆపు."

విమానాశ్రయం కోసం వేస్తున్న కొత్త రోడ్డు అది. రెండువైపులా తవ్విపోసిన ఎర్రమట్టి, కంచె రేకులు. ఒక చెట్టు లేదు, పొద లేదు. అతను దిగి నాలుగడుగులు కూడా వెయ్యలేక రోడ్డు పక్కనే కూర్చుండిపోయాడు. కుసుమ వెంట తెచ్చిన దుప్పటి విప్పి, రెండు చేతులూ చాచి అడ్డంగా పట్టుకుని నిలబడింది. మట్టి లారీలు వెళుతుంటే గాలికి దుప్పటి ఎగిరిపోతోంది. ఒకవైపు లాక్కుంటే ఇంకోవైపు లేచిపోతోంది. ఆమె రెండు చేతులూ చాలడం లేదు. దాలయ్య ఆటోలో తల దించుకుని కూర్చున్నాడు.

వెనక నుంచి హరిబాబు గొంతు వినబడింది. "కుసుమా... బోటు మీదకి ఇంకోణ్ణి ఎక్కించుకోమని బావకి సెప్పీ."

ఆమె తల తిప్పలేదు. అతను ఏడుస్తున్నాడని తెలిసింది. దుప్పటి వదిలి దగ్గరికి వెళ్లడానికి లేదు.

ఇంటికి వచ్చేసరికి తాతమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టినట్టు లేదు. "ఏటన్నారే? ఎందుకొచ్చినాదట?"

నిజం చెబుదామనే నోరు తెరిచింది కుసుమ. ముసలమ్మ వంక చూసింది. ఆమె చెయ్యి గుమ్మాన్ని వదలడం లేదు. కారణం లేదు, రేపు మళ్లీ రావచ్చు అన్న మాట ఆ చేతిలో ఎలా పెడుతుంది?

"నాదే తప్పత్తా. ముదురు సొరకాయ. గింజలు తియ్యకుండా ఒండీసినాను."

మంచం మీదకి ఒరుగుతున్న హరిబాబు చివ్వున తలెత్తి ఏదో అనబోయాడు. కుసుమ వద్దన్నట్టు చూసింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"సెప్పనేదేటి నాను!" తాతమ్మ గొంతులోకి ఎక్కడలేని సత్తువా వచ్చింది. "కళ్లెక్కడెట్టుకుని ఒండినావే? మగోడి పేనంతో ఆటలా? ఇకనుంచి కూర నానే కోత్తాను. నువ్వు కత్తిపీట ముట్టుకోకు. నెల తిరక్కుండా నా కొడుకు లెగిసి తిరుగుతాడు, సూడు!"

"అలాగేనత్తా."

ముసలమ్మ కొంగు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది. చూపు ఆనక, ఒక్కో ముక్కా కళ్ల దగ్గరగా పెట్టుకుని గింజలు గోటితో గీకి తీస్తోంది. కుసుమ పక్కన కూర్చుని ఆ ముక్కల్ని నీళ్లలో వేసింది.

"ఒక్కటి కూడా లేదు కదా?" అంది తాతమ్మ.

"లేదత్తా" అంది కుసుమ.