ఒక మనిషి పట్టేంత ఖాళీ

డ్రైవరుకి పొద్దుటి నుంచీ ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. పెళ్ళి పనులన్నీ ఒంటిచేత్తో చక్కబెట్టినవాడు, తీరా పెళ్ళి రోజున హాల్లో ఎక్కడ నిలబడాలో తెలియక సర్దిన కుర్చీలే మళ్ళీ సర్దుతున్నాడు.

కారణం వింటే ఇంతేనా అంటారు. నిన్న సాయంత్రం పెళ్ళికూతురు ఫోటోగ్రాఫరుతో అంటుంటే చెవిన పడింది. "మా ఇంటివాళ్ళ ఫోటోలో నాకూ అమ్మకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలండి. అక్కడ మా నాన్న రావాలి."

ఆ నాన్న పోయి పదిహేనేళ్ళు. ఆమె తల్లిని డ్రైవరు పెళ్ళాడి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళూ పిల్లని బడిలో దింపాడు, టైఫాయిడ్ వస్తే మంచం పక్కనే కూర్చున్నాడు, అంకుల్ అని పిలిపించుకున్నాడు. అంతకు మించి ఒక్కటీ అడిగి ఎరగడు. పోయినాయన మీద కోపమా అంటే, అదీ లేదు పాపం. ఆయన చోటు ఆయనకి ఉండాల్సిందే. మరి తనెక్కడ? అటు చివరా? అసలు పిలుస్తారా? పిలవకుండా వెళ్ళి నిలబడితే ఎవరైనా 'కాస్త తప్పుకోండి' అంటే? నలుగురిలో ఆ మాట పడాల్సి వస్తుందేమోనని అతని భయం.

"ఎక్కడికి?" అంది భార్య, అతను గుమ్మం దాటబోతుంటే.

"వ్యాను ఎవరో అడ్డంగా పెట్టారట. చూసొస్తా."

"వ్యానూ లేదు, గీనూ లేదు. ఫోటోకి పిలుస్తున్నారు. మొహం కడుక్కుని రా."

కడుక్కున్నాడు. కడిగిందే కడిగి, వచ్చి స్తంభం చాటున నిలబడ్డాడు.

అక్కడ ఫోటోగ్రాఫరు తల పట్టుకుని ఉన్నాడు. పోయినాయన ఫోటోలన్నీ ఎప్పుడో వాన నీళ్ళకి పాడైపోయాయి. మిగిలింది బస్సు పాసు మీది బొటనవేలంత ముఖం ఒక్కటే. "ముఖం అతికిస్తానమ్మా, కింద ఒళ్ళు కావాలిగా! ఆయన పొడుగన్నారుగా, అంత పొడుగు మనిషి ఎవరైనా నిలబడాలి."

మేనమామ ఉత్సాహంగా ముందుకొచ్చాడు.

"నువ్వా! ఆ ఖాళీ నీ పొట్టకే చాలదురా," అంది అమ్మమ్మ. అందరూ గొల్లుమన్నారు.

ఫోటోగ్రాఫరు చూపు స్తంభం మీద పడింది. "సార్, మీరు రండి. అచ్చంగా సరిపోతారు. మొహమాటం వద్దు, తల ఎలాగూ తీసేస్తాను."

నవ్వులు ఆగిపోయాయి. భార్య ముఖం పాలిపోయింది. ఎంత మాటన్నాడు! అయినా ఆ మనిషికేం తెలుసు? డ్రైవరుకి మనసు చివుక్కుమంది, నిజమే. కానీ ఒళ్ళయినా ఉంటుంది కదా ఫోటోలో అని సిగ్గు విడిచి కాస్త సంతోషించాడు కూడా. వెళ్ళి నిలబడ్డాడు.

"చెయ్యి అమ్మాయి భుజం మీద వెయ్యండి సార్."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "వెయ్యనా అమ్మా?"

పెళ్ళికూతురు తలెత్తి చూసింది. ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనే ఆ చేతిని లాక్కుని భుజం మీద పెట్టుకుంది.

"అంకుల్ తల తియ్యకండి," అంది.

"మరి నాన్నగారు?"

"ఇక్కడ ఖాళీ లేదు. నాన్న నాకు ఇటు పక్కన వస్తాడు." పెళ్ళికొడుకు వైపు తిరిగింది. "నువ్వు కాస్త జరుగు." అతను తడబడుతూ రెండడుగులు జరిగాడు.

"బాగానే ఉందమ్మా, అటు పక్క ఒళ్ళెవరిది?"

"నాదే," అన్నాడు డ్రైవరు. "ఇక్కడ తీశాక అటెళ్ళి నిలబడతా. రెండూ కలిపేటప్పుడు అక్కడ మాత్రం ఆయన తల పెట్టు."

ఒక ఫోటో అయింది. అతను అటు వెళ్ళి, చొక్కా సవరించుకుని, నిటారుగా నిలబడ్డాడు. ఎందుకో సరిగా లేదనిపించింది. పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఆ మనిషి గురించి నోరు విప్పి అడగనివాడు భార్య వైపు చూశాడు.

"ఆయన ఎలా నిలబడేవాడు?"

ఆమె దగ్గరికి వచ్చింది. అతని ఎడమ భుజం కాస్త కిందికి నొక్కి, చేతులు రెండూ వెనక్కి పెట్టింది.

"ఇలా," అంది.