మూత చప్పుడు

శనివారం సాయంత్రం కూర్చుని ఖర్జూరాల్లో గింజలు తీస్తాను. వేయించిన వేరుశనగపప్పుతో కలిపి దంచి, చిటికెడు ఉప్పు చేర్చి, చిన్న చిన్న ఉండలు చుట్టి డబ్బాలో సర్దుతాను. ఆదివారం పొద్దున్నే మా ఆయన దూరపు పరుగుకి వెళ్తాడు. దారిపొడుగునా ఏదో ఒకటి తింటూ ఉండకపోతే కాళ్లలో సత్తువ నిలవదని ఎక్కడో చదివాడు. నేనూ ఆయన వెనకే అంత దూరమూ పరిగెడతాను. సంచి ఊగితే ఆయనకి చిరాకు కాబట్టి ఉండల సంచి నా నడుముకి ఉంటుంది. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపుతాడు, నేను అందులో ఉండ పెడతాను. అందులో ఒక్కటీ నాది కాదు. "నీకెందుకోయ్? ఒంట్లో సరుకు బోలెడుంది, ముందు అది కరగనీ" అన్నాడు మొదటిరోజే, నవ్వుతూ. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఆయన సోఫాలో కాళ్లు బారజాపి పడుకుంటాడు. నేను చెమట బట్టలతోనే పొయ్యి వెలిగిస్తాను. నా అవస్థ సాయంత్రం మొదలవుతుంది. తీపి కోసం ఒళ్లంతా పీకేస్తుంది. వంటింటి తలుపు చాటున నిలబడి పంచదార అరచేతిలో పోసుకుని దొంగలా తింటాను. టీవీ ఎంత మోగుతున్నా ఆ పంచదార డబ్బా మూత చప్పుడు మా అత్తగారి చెవిన పడి తీరుతుంది. "ఒరే, చీమ దిగిందిరా!" అంటారావిడ. ఆయన పగలబడి నవ్వుతాడు. ఈ ఇంట్లో నా పేరు చీమే. మళ్లీ ముట్టనని ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో! నోరు కట్టుకోలేని నా బతుకు మీద నాకే అసహ్యం వేసేది.

మొన్న మైదానంలో పరుగు నేర్పే ఆవిడ నన్ను ఆపింది. "ఏం తిని పరిగెడుతున్నారండీ?"

"ఏమీ తినను. అసలే నాకు తీపి పిచ్చి."

"పిచ్చేమిటండీ? పొద్దున పెట్టాల్సింది పెట్టకపోతే సాయంత్రం ఒళ్లు అడక్కుండా ఊరుకుంటుందా?"

ఇంట్లో ఆ మాట చెప్పాను. "ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది. నీ సంగతి నాకు తెలీదూ?" అన్నాడు ఆయన. ఆయనకి తెలుసనే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఈ ఆదివారం వంతెన ఎక్కేచోట నా కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డు పక్కన కూలబడ్డాను. నాలుగడుగులు ముందుకెళ్లి ఆయన అలవాటుగా చెయ్యి వెనక్కి చాపాడు. చేతికేమీ తగలకపోయేసరికి తిరిగి చూశాడు.

"ఏమైంది? సరే, ఆ సంచి ఇలా ఇచ్చి కూర్చో."

సంచి జిప్పు లాగాను. ఆయన కోసమే లాగాను. ఉండ తీసి చెయ్యి ముందుకి చాపాను కూడా. అంతలో ఏమైందో, ఆ చెయ్యి నా నోటి దగ్గరికే వచ్చింది. ఒకటి మింగి ఇంకొకటి పెట్టుకున్నాను. రుచేమీ తెలియలేదు. కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు.

"చీమా, ఏంటీ వేళాకోళం? నాకింకా సగం దూరం ఉంది."

"నాకూ ఉంది" అన్నాను నోటినిండా ఉండతో.

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను సంచి ఖాళీ చేసి, మెల్లగా లేచి, ఒక్కదాన్నే మిగతా దూరం పరిగెత్తి ఇంటికొచ్చాను. వంట మాత్రం ఎప్పటిలాగే నేనే చేశాను.

సాయంత్రమైంది. పంచదార డబ్బా పక్కనే గిన్నెలు తోముతున్నాను. దానిమీదికి మనసే పోలేదు. హాల్లోంచి అత్తగారు కేకేశారు. "ఏమ్మా, ఇవాళ మూత చప్పుడు లేదే?"

తడిచేతులతో అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఆకలేసిన మనిషిని చూసి ఇన్నేళ్లూ వాళ్లతోపాటు నేనూ నవ్వాను.