డ్రైవింగ్ మాస్టారి పరపతి

డ్రైవింగ్ మాస్టారికి తన క్రెడిట్ కార్డంటే కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే గర్వం. ఆ మాట ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటారు. అప్పట్లో మాత్రం దాన్ని గర్వం అనుకోలేదు, క్రమశిక్షణ అనుకున్నారు.

ఆయనకో చిన్న డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పక్కన ఒక ఇరుకు గది, అందులో ఒక బల్ల, గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం, బయట రెండు కార్లు. రెండింటికీ పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి అమర్చి ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్టీరింగు పట్టుకుంటే, మాస్టారు పక్కసీట్లో కాలు బ్రేకు మీద ఆనించి దర్జాగా కూచుంటారు. రెడ్ లైటు పడిందంటే పాఠం మొదలవుతుంది. బండి గురించి కాదు, డబ్బు గురించి.

"బండయినా అప్పయినా ఒకటేనమ్మా. ఆగాల్సిన చోటు రాకముందే కాలు బ్రేకు మీదుండాలి. నన్ను చూడండి, కార్డు బిల్లు గడువుకి ముందురోజే కట్టేస్తాను. ఏళ్ళ తరబడి ఒక్కసారీ తప్పలేదు. వడ్డీ అంటే ఎలా ఉంటుందో నా కార్డుకి తెలీదు."

గ్రీన్ లైటు పడేది. వెనకవాళ్ళు హారన్లు మోగించేవారు. మాస్టారు వాక్యం పూర్తయ్యాకే బండి కదిలేది.

అత్తవారింట్లో ఆయనకి 'ముందురోజు బావ' అని పేరు పెట్టారు. వెక్కిరింపని తెలిసినా ఆయన దాన్ని బిరుదులా మోశారు. ఆ పేరు పెట్టింది బావమరిది. ఫంక్షన్లకి లైట్లూ స్పీకర్లూ అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. ఒక నెల చేతినిండా డబ్బు, మరో నెల ఖాళీ జేబులు. అతని పర్సులో మూడు కార్డులు. ఈ కార్డు బాకీ ఆ కార్డుతో తీర్చి, ఆ కార్డు బాకీ మూడోదాని మీదికి నెట్టి, మధ్యలో ఫోను మోగితే స్పీకర్ల మోతలో వినపడలేదని చెప్పి, నవ్వుతూ తిరుగుతుంటాడు. మాస్టారు కనబడినప్పుడల్లా అతనికి హితబోధ చేసేవారు. అతను వినేవాడు. వినడానికి ఏమీ ఖర్చు కాదు కదా.

బావమరిది కూతురికి మాస్టారే డ్రైవింగ్ నేర్పారు. ఆ పిల్ల మొదటిసారికే పరీక్ష పాసయింది. ఆ సంతోషంలో మాస్టారు అందరినీ హోటలుకి తీసుకెళ్ళారు. తనూ, భార్యా, బావమరిదీ, అతని భార్యా, మేనకోడలూ. ఎత్తు కుర్చీలు, మెత్తటి దీపాలు, ధరలు చిన్న అక్షరాల్లో వేసే రకం హోటలది.

"ఇవాళ ఎవ్వరూ పర్సు బయటికి తీయకూడదు" అన్నారు మాస్టారు, మెనూ తెరవకముందే.

"మేమెక్కడ తీస్తాం బావా, తీసినా అందులో ఏముంటుంది?" అన్నాడు బావమరిది.

ఆ మాట చాలు మాస్టారికి. భోజనం సాగినంతసేపూ సాగింది ఉపన్యాసం. మినిమం కట్టి ఊరుకోవడమంటే ఏమిటో, వడ్డీ మీద వడ్డీ ఎలా పెరుగుతుందో, బ్యాంకు దగ్గర మాట నిలబెట్టుకున్నవాడికి ఎంత విలువుంటుందో. మేనకోడలు ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది. భార్య బల్ల కింద నుంచి కాలితో తట్టింది. రోజూ బ్రేకు మీద కాలేసి కూచునే మనిషికి ఆ సూచన అర్థం కాలేదు.

"మనల్ని నమ్మి వాళ్ళంతట వాళ్ళే లిమిట్ పెంచుకుంటూ పోతారు. నేను అడిగానా? అడగలేదు. అదీ పరపతంటే" అని ముగించి, వెయిటరు తెచ్చిన బిల్లు చూడనైనా చూడకుండా కార్డు అందించారు.

వెయిటరు మిషన్లో కార్డు పెట్టాడు. మిషన్ ఒక కూత కూసింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే కూత. చొక్కా అంచుతో కార్డు తుడిచి ఇంకోసారి పెట్టాడు.

"సార్, ఇంకో కార్డేమైనా ఉందా?" అన్నాడు, చావుకబురు చెబుతున్నంత మెల్లగా.

"ఇంకో కార్డెందుకు? మీ మిషనే పాడైనట్టుంది."

"మిషన్ బాగానే ఉంది సార్. లిమిట్ లేదంటోంది."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చుట్టూ అందరూ మర్యాదగా నాప్‌కిన్ల వంక చూస్తున్నారు. ఆ మర్యాదే ఆయన్ని ఎక్కువగా చంపింది. బావమరిది పర్సు తీశాడు. అంచులు అరిగిపోయి, పేరు సగం చెరిగిపోయిన కార్డొకటి మిషన్లోకి వెళ్ళింది. మిషన్ ముచ్చటగా కాగితం కక్కింది.

అందరూ బయట కారు దగ్గరికి నడిచారు. మేనకోడలు, "మామయ్యా, నేను తోలనా?" అంది జాలిగా. ఆయన తాళాలిచ్చేశారు.

మర్నాడు పొద్దున ఫోనులో వెతికితే మెసేజ్ దొరికింది. వారం కిందటే వచ్చింది. బ్యాంకు మెసేజులన్నీ లోన్ ప్రకటనలేనని ఆయన చదవకుండా తుడిచేస్తుంటారు. ఇది ఎలాగో మిగిలింది. లిమిట్‌ని పదోవంతుకి తగ్గించారట. అంతకుముందే రెండు కార్ల ఇన్సూరెన్సు ఆ కార్డు మీదే కట్టారాయన. ఇక మిగిలింది టీ నీళ్ళకి చాలేంత.

స్కూలు గదిలో తలుపు మూసుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"నమస్కారం సార్. మీరు మాకు ఎంతో విలువైన కస్టమర్."

"అంత విలువైనవాణ్ణయితే నా లిమిట్ ఎందుకు కోశారమ్మా?"

"మా సిస్టమ్ అన్ని ఖాతాల్నీ అప్పుడప్పుడూ పరిశీలిస్తుంది సార్. మీరు లిమిట్‌లో చాలా తక్కువ వాడుతున్నారు. వాడనిది తగ్గించాం."

"అంటే, జాగ్రత్తగా ఉన్నందుకా?"

"జాగ్రత్తగా ఉంటున్నందుకు థాంక్స్ సార్."

మాస్టారికి ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం చేశానా? మీ రికార్డులో చూడండి."

"చూశాను సార్. చాలా బాగుంది."

"మరి?"

"మరి అంటే... సిస్టమ్ సార్ అది."

ఆయన ఆఖరి అస్త్రం తీశారు. "అయితే ఈ ఖాతాయే నాకొద్దు. మూసేస్తాను."

ఆ అమ్మాయి బతిమాలుతుందని, పైవాళ్ళని పిలుస్తుందని, కనీసం ఒక క్షణం తటపటాయిస్తుందని ఆయన ఆశ.

"అలాగే సార్. ఇప్పుడే మూసేయమంటారా?"

"ఇప్పుడే అన్నానా?" అన్నారు మాస్టారు కంగారుగా. "ఆలోచించి చెప్తాను."

"సరే సార్. నేను మీకు ఇంకేమైనా సహాయం చేయగలనా?"

"మొదటిదే చేయలేదు కదమ్మా" అని పెట్టేశారు. మాట బాగా తగిలించానని ఓ నిమిషం సంతోషించారు గానీ, ఆ పిల్ల ఈపాటికి ఇంకో విలువైన కస్టమర్‌తో మాట్లాడుతూ ఉంటుందని గుర్తొచ్చి చల్లబడిపోయారు.

ఆ సాయంత్రం బావమరిదిని అడిగారు, ఎంతో మామూలుగా అడుగుతున్నట్టు. "నీ లిమిట్లు ఏమైనా తగ్గించారా?"

"లేదు బావా. మొన్ననే ఒకదానికి పెంచారు" అన్నాడతను మొహమాటపడుతూ. "నీ దగ్గర వాళ్ళకి ఏం మిగులుతుంది చెప్పు? పైసా వడ్డీ కట్టవు, పైసా జరిమానా కట్టవు. నన్ను చూసుకునే కదా వాళ్ళ జీతాలు నడుస్తున్నాయి."

మాస్టారు చాలా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చారు. మంచితనానికి విలువ లేనప్పుడు తనూ చెడ్డవాడవ్వాలి. ఈ నెల బిల్లు గడువు దాటాకే కట్టాలి. భార్యతో ఆ మాట పౌరుషంగా చెప్పారు. "మీవల్ల కాదులెండి" అందావిడ, తల కూడా ఎత్తకుండా.

ఆవిడ అన్నట్టే అయింది. బిల్లు వచ్చిన రోజు నుంచి ఆయనకి అన్నం సయించలేదు. పాఠం చెబుతుంటే మాట తడబడింది. రెడ్ లైటు దగ్గర మౌనంగా కూచుంటే, నేర్చుకునే కుర్రాడు "ఒంట్లో బాగాలేదా సార్?" అని అడిగాడు. చివరికి ఒకరోజు బాత్రూములోకి ఫోను పట్టుకెళ్ళి, దొంగతనం చేస్తున్నవాడిలా, బిల్లు మొత్తం కట్టేశారు. గడువుకింకా వారముంది. చెడ్డవాడవుదామని బయల్దేరిన మనిషి ఎప్పటికంటే ముందే కట్టి కూచున్నారు. బయటికొచ్చేసరికి ఆయన మొహంలోని ప్రశాంతత చూసి భార్యకి సంగతంతా తెలిసిపోయింది.

"కట్టేశారా?"

"ఏదో... మర్చిపోతానేమోనని."

ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రెండు కార్ల ఇన్సూరెన్సూ కలిసిన పెద్ద బిల్లది. అది కట్టడంతో బ్యాంకులో ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయింది. నేర్చుకునేవాళ్ళ ఫీజులు నెలాఖరుకి గానీ రావు. సరిగ్గా అప్పుడే, ఎత్తు వంతెన సగంలో, పాత కారు క్లచ్చి పోయింది. అప్పుడు స్టీరింగు దగ్గరున్నది కేకుల షాపు నడిపే ఆవిడ.

"మాస్టారూ, నొక్కకూడనిది ఏమైనా నొక్కానా?" అందావిడ ఏడుపు గొంతుతో.

"లేదమ్మా, నొక్కాల్సిందే నొక్కారు. మరీ ఎక్కువసేపు నొక్కారంతే" అని ఓదార్చి, దిగి, వెనకనుంచి తోస్తూ వంతెన దాటించారు. మెకానిక్ బండి కిందకి దూరి చూసి, క్లచ్చి ప్లేటు మొత్తం మార్చాలన్నాడు. సామాను డబ్బు ముందే ఇస్తే గానీ తెప్పించలేనన్నాడు, కార్డులు తీసుకోనన్నాడు. బ్యాంకులో ఎంతుందో మాస్టారికి తెలుసు. బండి ఆగితే సగం మంది శిష్యులు పక్క వీధి స్కూలుకి పోతారని కూడా తెలుసు.

ఇక మిగిలింది బావమరిది.

అతని గోడౌన్‌కి వెళ్ళేదారిలో మాస్టారు మాటలు మననం చేసుకున్నారు. మొదట కుశలప్రశ్నలు, తర్వాత వ్యాపారం కబుర్లు, తర్వాత నవ్వుతూ అసలు సంగతి. ఇన్నాళ్ళూ తను చేసిన హితబోధలన్నీ అతను తిరిగి అప్పజెప్తాడని భయం. అప్పజెప్పినా న్యాయమే, అనుకున్నారు. తీరా వెళ్ళాక కుశలప్రశ్నలన్నీ ఎగిరిపోయాయి. పేర్చిన స్పీకర్ల మధ్య నిలబడి, "నాకు కొంచెం డబ్బు కావాలి. క్లచ్చి పోయింది" అనేశారు.

బావమరిది చేతిలోని వైరు చుట్ట కింద పెట్టాడు. వెక్కిరించలేదు. నవ్వలేదు. "ఎంత?" అని మాత్రం అడిగాడు. చెప్పాక ఫోను తీసి అప్పటికప్పుడే పంపించాడు. "కూచో బావా, టీ తాగి వెళ్దువు" అన్నాడు. 

బండి బాగైంది. శిష్యులెవరూ పోలేదు. ఫీజులు వచ్చీ రాగానే మాస్టారు మళ్ళీ గోడౌన్‌కి పరిగెత్తారు.

"అప్పుడేనా?" అన్నాడు బావమరిది. అతని మొహం చిన్నబోయింది. "తొందరేముంది బావా?"

"తొందరని కాదు. ఉంచుకోలేను. నిద్ర పట్టడం లేదు."

"నాకు పడుతోంది బావా, హాయిగా." అతను ఒక స్పీకరు మీద కూచున్నాడు. "పుట్టాక ఇదే మొదటిసారి, నాకు ఒకరు బాకీ ఉండటం. మీ చెల్లెలు ఎవరితో ఫోనులో మాట్లాడినా, మా అన్నయ్య ఈయన దగ్గరే తీసుకున్నాడు అని చెబుతోంది. నాకే కొత్తగా ఉంది. ఇంకొక్క నెల ఉండనీ."

మాస్టారు చేతిలోని డబ్బు వంక చూసుకున్నారు. ఏళ్ళ తరబడి తను దర్జాగా కూచున్న సీటది. దాని మెత్తదనం ఎంతో తనకి తెలియనిది కాదు. అతనికి ఒక్క నెల ఇవ్వడానికి చేతులు రాకపోతే తనంత పిసినారి ఉండడు.

"ఒక్క నెలే" అన్నారు.

ఆ నెల మాస్టారు పడిన బాధ ఇంతా అంతా కాదు. ఆదివారం భోజనానికి వెళ్తే బావమరిది అడిగేవాడు, "ఖర్చులు రాసుకుంటున్నావా బావా? రాసుకోవాలి." కొత్త చెప్పులు వేసుకుంటే వాటివంక ఒకసారి చూసేవాడు. "అవసరమా అని కాదనుకో..." అని వాక్యం సగంలో వదిలేసేవాడు. "బాకీ ఉన్నప్పుడు మనిషి కాస్త ముందుచూపుతో ఉండాలి" అని అన్నం కలుపుతూ చెప్పేవాడు. మాస్టారు తల ఊపేవారు. ఇన్నేళ్ళు తను ఎంత విసుగు పుట్టించారో ఒక్కో ముద్దకీ తెలిసొచ్చింది. భార్య వైపు చూసే ధైర్యం ఉండేది కాదు. ఆవిడ భుజాలు కదులుతుండేవి.

చివరికి డబ్బు తిరిగిచ్చిన రోజు, బావమరిది దాన్ని లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, కాస్త దిగులుగా గుమ్మం దాకా వచ్చాడు.

"మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే మొహమాటపడకు బావా. నీకు ఎప్పుడైనా ఇస్తాను. నీ మీద నాకు నమ్మకం."

"అలాగే" అన్నారు మాస్టారు. ఇన్నేళ్ళలో బ్యాంకు ఒక్కసారైనా అనని మాట అది. కళ్ళలో ఏదో నలక పడినట్టయింది.

బయట పార్కు చేసిన కారు చుట్టూ ఊరికే ఒకసారి తిరిగారు. ముందు టైర్లు రెండూ నున్నగా అరిగి ఉన్నాయి. ఇంకో రెండు నెలలు లాగుతాయి, అప్పటికి చేతిలో డబ్బుంటుంది, అనుకున్నారు. వచ్చే నెలే మార్చేస్తే మంచిదేమో, అని కూడా అనుకున్నారు. గుమ్మంలో నిలబడి చెయ్యూపుతున్న బావమరిది వైపు చూస్తూ, ఏదీ తేల్చుకోకుండానే బండి స్టార్ట్ చేశారు.