సంగటిలో తేనె

ఆపరేషన్ అయిపోయిందనీ, మగబిడ్డ అనీ, ఇద్దరూ బాగున్నారనీ నర్సు చెప్పింది. అల్‌హందులిల్లా అనుకుంటూ వార్డులోకి వెళ్లాను. మత్తు పూర్తిగా దిగక కళ్లు కూడా సరిగా తెరవలేని నా భార్య రుఖయ్యా నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "పాప తినిందా?"

"తినింది" అన్నాను.

"ఏం తినింది?"

నాకు ఒక అబద్ధం దాకా వస్తుంది. దాని వెనకాల రెండోది రాదు. "బిస్కెట్లు" అన్నాను.

"నిన్నట్నుంచీ బిస్కెట్లేనా?" రుఖయ్యా ముఖం గోడవైపు తిప్పుకుంది. అటు తిరిగే అంది. "రేపు నాకేమన్నా అయితే ఆ బిడ్డ నీకాడ బతుకుతుందా, చెప్పు."

 ఆమె అలా ఎందుకు అడిగిందో చెప్పాలి.

మా పాప అనమ్‌కు ఐదేళ్లు. అది పుట్టినప్పుడు నేను ఇక్కడే, సౌదీలోని జిజాన్‌లో ఉన్నాను. కదిరి పక్కన మా పల్లెలో, అది జేజి అని పిలిచే మా అమ్మ మదార్బీ ఒడిలో పెరిగింది. మధ్యలో ఒకసారి సెలవు మీద వెళితే నన్ను చూసి మంచం కిందికి దూరింది. కుటుంబాన్ని తెచ్చుకునే అనుమతి, ఫ్యామిలీ ఇఖామా వచ్చి, ఈ చలికాలంలోనే తల్లీబిడ్డలిద్దరూ నా దగ్గరికి వచ్చారు. వచ్చినప్పటి నుంచీ పాప నాతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా వాళ్లమ్మ చెంగు పట్టుకుని, "ఆయప్పకు చెప్పు, ఫ్యాను తిప్పమని" అనేది. నేను ఫ్యాను తిప్పేవాణ్ణి. మెల్లగా అలవాటు పడుతుందిలే అనుకున్నాను. అలవాటు పడకముందే రుఖయ్యాకు నొప్పులొచ్చాయి.

ఆసుపత్రి వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. అందుకే అనమ్‌ను మా కింది వాటాలో ఉండే ఇంటివాళ్లావిడ, ఉమ్ యహ్యా దగ్గర వదిలి వచ్చాను. ఆఫీసులో సెలవు పెట్టాను. రెండు రోజులూ నాకు తెలిసినవన్నీ తెచ్చి పెట్టాను. బ్రోస్టెడ్ చికెన్, అరబ్బుల మాంసం అన్నం మందీ, హైదరాబాదు వాళ్ల హోటల్ బిరియాని. నేనే పప్పన్నం వండి నెయ్యి వేసి కలిపి ముద్ద పట్టుకుంటే, పళ్లు బిగించి నా చేతివైపే చూసింది. ఆ చూపులో కోపం లేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఎవరో ముద్ద పెట్టబోతే ఎలా చూస్తామో, అలా చూసింది.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి కింది వాటా తలుపు తట్టాను. లోపల చాప మీద అనమ్ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. దాని ముందు నల్లరాతి గిన్నె. గిన్నెలో గోధుమరంగు ముద్ద, నడుమ గుంట, గుంటలో నెయ్యీ తేనే మెరుస్తున్నాయి. అసీదా అంటారు దాన్ని. ఇక్కడి పొలాల్లో పండే సజ్జల పిండితో చేస్తారు.

"కులీ, యా బింతీ. కులీ" అని ఉమ్ యహ్యా బతిమాలుతోంది, తినమని.

అనమ్ గిన్నెలోకి తొంగిచూసింది. తర్వాత తలెత్తి సూటిగా నన్ను చూసింది.

"సంగటిలో తేనె పోసినారు" అంది.

అది నాతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"ఎవురన్నా సంగటిలో తేనె పోస్తారా? జేజి చూస్తే ఊరుకుంటుందా?"

"మరి ఏం పోయాల?"

"చారు పోయాల. కోడి చారు." ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

ఉమ్ యహ్యాకు నాకొచ్చిన అరబీలో విషయం చెప్పాను. మా దేశంలోనూ ఇలాంటిది ఉంది, అందులో పులుసు పోసుకుంటాం అని. ఆమె పకపకా నవ్వింది. మేమూ మాంసం చారు పోసుకుంటాం, చిన్నపిల్ల కదా అని తేనె పోశాను అంది. నవ్వుతూనే ఆ గిన్నె నా ముందుకు జరిపింది. కాదనలేక రెండు ముద్దలు తిన్నాను. బాగుంది. అనమ్ నన్ను ద్రోహిని చూసినట్టు చూసింది.

మెట్లెక్కుతూ అడిగాను. "నేను సంగటి చేస్తే తింటావా?"

"నీకు రాదు."

వద్దు అనలేదు. రాదు అంది. ఆ రెండు రోజుల్లో నాకు దొరికిన మంచి మాట అదే.

ఇంట్లో రాగిపిండి లేదు. దానికి కారణం నేనే. చిన్నప్పుడు పల్లెలో మా ఇంట్లో పొద్దునా సంగటే, మాపటికీ సంగటే. అన్నం పండగనాటి మాట. మా వంశంలో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. హాస్టల్లో మూడు పూటలా తెల్లన్నం చూసినప్పుడే, నా పిల్లలు ఇదే తింటారు అనుకున్నాను. రుఖయ్యా సౌదీకి సామాన్లు సర్దుతూ పెట్టెలో రాగిపిండి పెడితే, "సౌదీకి వచ్చి కూడా సంగటేనా? తీసెయ్, బరువు" అని ఫోన్లో నేనే అన్నాను. తీసేసింది. వచ్చాక మళ్లీ అడగలేదు.

వీధి చివర మలయాళీ కిరాణా కొట్టు, బకాలాలో రాగిపిండి అడిగితే, కొట్టతను పసిపిల్లల డబ్బాలున్న అర దగ్గరికి తీసుకెళ్లాడు. "బచ్చా కిత్నే మహీనే కా?" అన్నాడు, బిడ్డకు ఎన్ని నెలలని. ఐదేళ్లంటే నవ్వి, రెండు ప్యాకెట్లిచ్చాడు.

కోడి చారు బాగానే కుదిరింది. బ్యాచిలర్ రూములో ఉన్నన్నాళ్లూ శుక్రవారం కూర నా వంతే. సంగటి దగ్గరే తప్పాను. బియ్యం మెత్తగా ఉడికాక పిండి పోసి, అడుగంటుతుందేమోనన్న భయంతో వెంటనే స్టీలు గరిటెతో గిరగిరా తిప్పేశాను. అనమ్ వంటింటి గడప దగ్గర నిలబడి అంతా చూస్తోంది.

"ఉండలు కట్టింది" అంది.

కట్టింది. ఉండను చిదిమితే లోపల తెల్లగా పచ్చిపిండి. ఇక సిగ్గుపడి లాభం లేదని అమ్మకు వీడియో కాల్ చేశాను. ముందు మనవడు ఎట్లున్నాడని అడిగింది, తర్వాత కోడలు. తర్వాత గిన్నె చూపించమంది.

"ఇది సంగటి కాదురా ఇస్సాకూ, గొడ్లకు పెట్టే కుడితి. పిండి పోస్తానే కెలికితివా?"

"కెలికితిని."

"తొందర! కడుపులో ఉన్నప్పుడే తొందర నీకు. మళ్లా ఎసరు పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి ఉడికిన బియ్యం మీద పిండిని కుప్పగా పోసి, నడుమ గుంట చేసి, మూత పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను. పిండి ఆవిరికి తనంతట తానే ఉడకాలి. కలపకుండా ఊరికే నిలబడటమే అందులో కష్టమైన పని. ఇంట్లో తెడ్డు లేదు. చపాతీ కర్ర కడిగి పెట్టుకున్నాను. కలపడం మొదలుపెడితే గిన్నె పొయ్యి మీద బొంగరంలా తిరిగింది.

"నిలబడి సంగటి కెలుకుతార్రా ఎవురన్నా?" ఫోన్లోంచి అమ్మ కేక. "కింద పెట్టు. గుడ్డ చుట్టి కాళ్ల మధ్య అదుముకో. నేను చేస్తాంటే చూళ్ల్యా నువ్వు?"

లుంగీ ఎగ్గట్టి, గిన్నెకు తువాలు చుట్టి, నేల మీద కూర్చున్నాను. రెండు పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులా కర్ర తిప్పాను. మా మట్టి నేల కాదు ఇది, టైల్స్. నేను తోసేకొద్దీ గిన్నె ముందుకీ, నేను వెనక్కీ జారుతున్నాం.

గడప దగ్గర కిచకిచమని నవ్వు.

"జేజీ! ఈయప్ప నీ మాదిరే కూసున్యాడు! జారిపోతాండాడు!"

"నవ్వితే చాలునా, పట్టుకోమ్మా వాణ్ణి" అంది అమ్మ.

"గిన్నె దగ్గరికి రావద్దు, కాలుతుంది" అన్నాను కంగారుగా.

అది గిన్నె దగ్గరికి రాలేదు. నా వెనక్కి వచ్చి, తన వీపు నా వీపుకు ఆనించి కూర్చుని, కాళ్లు అల్మారాకు తన్నిపెట్టింది. "ఇప్పుడు కెలుకు" అంది.

కెలికాను. చెమట కళ్లలోకి దిగుతోంది. చిన్న వీపు, బిస్కెట్లు తప్ప ఏమీ లేని కడుపు. నేను తోసినప్పుడల్లా అది "ఊఁ" అని ఎదురు తోస్తోంది. ఉండలు ఒక్కొక్కటే కరిగి, పిండి నల్లగా నిగనిగలాడుతూ కర్రకు చుట్టుకుంది.

తడిపిన గిన్నెలో వేసి ఎగరేస్తే ముద్ద గుండ్రంగా వచ్చింది. పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క సొట్ట. ప్లేట్లో పెట్టి, నడుమ గుంట చేసి, కోడి చారు పోశాను. నేను కలపబోతే అనమ్ నా చేయి తోసేసి, తనే వేలితో కొంచెం తుంచి, చారులో అద్ది, నోట్లో వేసుకుంది. గుటుక్కున మింగింది. మళ్లీ తుంచింది.

"ఉప్పు ఎక్కువైంది" అంది, నోటి నిండా పెట్టుకుని.

"తింటాంది కదా?" అంది అమ్మ. "ఉండు, రుఖయ్యాకు నేను చెప్తా. ఏడుస్తా ఉంటుంది పిచ్చిది." ఫోన్ పెట్టేసింది.

వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. సొట్టపోయిన వైపు అనమ్ తుంచి నాకు జరిపింది. తిన్నాను. తిని ఎన్నాళ్లయిందో గానీ, నాలుకకు అన్నీ గుర్తున్నాయి. నా దవడలు కదలడం చూసి అది ముఖం చిట్లించింది.

"సంగటి నమలకూడదు. మింగాల. ఇట్ల." చారులో అద్ది, తల కొంచెం వెనక్కి వంచి మింగి చూపించింది. "చూసినావా?"

హాస్టల్‌కు పోయేదాకా దాని మీదే పెరిగినవాణ్ణి. "చూడలేదు, ఇంకోసారి చూపించు" అన్నాను.

చూపించింది. నేను ఇంకో ముద్ద తీసుకుని, అది చూస్తుండగా, మెల్లగా నమిలాను.

"అట్ల కాదు!" అని నా మోకాలి మీద చేయి వేసి, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.