ఎగిరాక దిగడం

ఇంట్లో అందరూ ఆమెను నిచ్చెన అనేవాళ్ళు. అటక మీది గిన్నె దించాలన్నా, ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము తుడవాలన్నా స్టూలు వెతకడం మానేసి ఆమెను కేకేసేవాళ్ళు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మరదలితో మాట్లాడాలంటే ముందు మెడనొప్పి మాత్ర వేసుకోవాలని బావ నవ్వేవాడు. ఆ పొడుగే చివరికి ఆమెకు దారి చూపించింది. స్కూల్లో డ్రిల్లు మాస్టారు బాస్కెట్‌బాల్ చేతికిచ్చిన రోజు నుంచి ఆమె వేరే పని తలపెట్టలేదు. పెద్దయ్యాక పరాయి దేశాల క్లబ్బులు పిలిచాయి. ఏడాదికో ఒప్పందం. సీజన్ అయిపోగానే పెట్టె సర్దుకోవడం, ఇంకో ఊళ్ళో ఇంకో గది తాళం తీసుకోవడం. మంచాలు మాత్రం ఎక్కడికెళ్ళినా పొట్టివే. పాదాలు బయటికి వేలాడేసి పడుకోవడం అలవాటైపోయింది.

అలాంటి ఒక సీజన్‌లో, అవతలి జట్టు ఊళ్ళో ఆడుతుండగా, రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఆమె ఎగిరింది. బంతి దొరికింది. కిందికి దిగేటప్పుడు ఆమె ఒంటి బరువంతా అవతలి జట్టు కెప్టెన్ కాలి మీద పడింది. కెప్టెన్ పొట్టి మనిషి, మెరుపులా కదిలే ఆట. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ హాల్లోనే బంతి పట్టడం నేర్చుకుంది. ఆమె మోకాలిలో ఏదో తెగిన చప్పుడు నిచ్చెనకు స్పష్టంగా వినిపించింది. రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు, ఇవ్వడానికి అందులో ఏమీ లేదు. అయినా స్ట్రెచర్ బయటికి వెళ్ళాక హాలు హాలంతా ఆమెకేసే చూసింది. మర్నాడు నిచ్చెన ఆసుపత్రికి పూలు పంపింది. జవాబు రాలేదు.

వేసవిలో ఆమె పాత క్లబ్బు ఒప్పందం పొడిగించలేదు. చాలా రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాక ఏజెంటు ఒకే ఒక్క కబురు తెచ్చాడు. పిలిచింది ఆ కెప్టెన్ క్లబ్బే, వాళ్ళకు రింగు కింద పొడుగు మనిషి కావాలట. కోరి కోరి పులి నోట్లో తల పెట్టడమెందుకని అక్క ఫోన్లో కోప్పడింది. కానీ ఆ వయసులో ఒక సీజన్ ఇంట్లో కూర్చుంటే ఇక పిలిచేవాళ్ళుండరని ఇద్దరికీ తెలుసు. చివరికి అక్కే మెత్తబడి, ఎవరైనా ఒక మాటంటే పడి ఉండమని చెప్పింది.

తీరా వెళ్తే, ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అదే కష్టమైపోయింది. డ్రెస్సింగ్ రూములో కెప్టెన్ లేచి వచ్చి, వేళ్ళ కొసలతో చెయ్యి కలిపి, మళ్ళీ తన మోకాలి పట్టీ సర్దుకోవడంలో పడిపోయింది. ఆమె ఇంకా ఆటలోకి రాలేదు. జట్టు ప్రాక్టీసు చేస్తుంటే కోర్టు పక్కన ఫిజియోతో కలిసి కాలు వంచడం, చాపడం, ఒంటికాలి మీద నిలబడడం చేసేది. జట్టులోని మిగతా ఆడపిల్లలు కెప్టెన్ మొహం చూసి నడుచుకునేవాళ్ళు. నిచ్చెన రింగు కింద ఖాళీగా నిలబడి చెయ్యెత్తినా బంతి ఇంకెటో పోయేది. సరే, ఎవరూ ఇవ్వకపోతే మనమే తెచ్చుకుందామనుకుని ఆమె వెనక్కొచ్చే బంతుల మీద పడింది. మ్యాచ్‌ల ముందు మైకులో ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే చప్పట్లు మోగేవి. ఆమె పేరు దగ్గరకొచ్చేసరికి హాలు నోరు కట్టేసినట్టయ్యేది. ముందు వరసలో కూర్చునే కెప్టెన్ తల్లి సరిగ్గా అప్పుడే చేతిసంచిలో ఏదో వెతుక్కునేది.

అక్క రోజూ ఫోన్ చేసి అడిగేది. అంతా బాగానే ఉందని నిచ్చెన చెప్పేది. నీ గొంతు వింటే తెలియదా అని అక్క ఫోన్ పెట్టేసేది.

చలి ముదిరే సరికి కెప్టెన్ పరిగెత్తడం మొదలుపెట్టింది. ఒంటరిగా అయితే అన్నీ చేసేది. పక్కన ఎవరైనా ఎగిరితే మాత్రం ఆమె శరీరం ఆమె మాట వినేది కాదు. ఎవరి భుజం దగ్గరికొచ్చినా ముడుచుకుపోయి పక్కకు జరిగేది. మోకాలు అతికింది, భయం అతకలేదని ఫిజియో కోచ్‌తో అనడం నిచ్చెన చెవిన పడింది.

ఒక పొద్దున ప్రాక్టీసుకు ముందే నిచ్చెన వేళ్ళకు టేపు చుట్టుకుంటోంది. కెప్టెన్ వచ్చి ఎదురుగా నిలబడింది. ఇద్దరికీ వచ్చీరాని ఉమ్మడి భాష ఒకటుంది. అందులోనే మాట్లాడింది.

"నాతో కోర్టులోకి రా. నా పక్కన ఎగరాలి నువ్వు."

నిచ్చెన టేపు చుట్టడం ఆపేసింది. ఇంకెవరినైనా అడగమంది. తన వల్ల కాదంది. ఈసారి ఏమైనా జరిగితే తను ఇక మనిషిగా మిగలనంది.

"వేరేవాళ్ళతో ప్రయత్నించాను. నేను భయపడేది వాళ్ళకు కాదు, నీకు. అందుకే నువ్వే కావాలి." కెప్టెన్ బెంచీ మీద ఆమె పక్కనే కూర్చుంది. "ఆ రోజు వీడియో ఎన్నిసార్లు చూశానో. నీ తప్పేమైనా దొరుకుతుందేమోనని వెనక్కి తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది, కడుపారా తిట్టుకునేదాన్ని. ఆ పూలు కూడా ఆ కసితోనే పారేశాను."

కళ్ళలో నీళ్ళు తిరిగితే నిచ్చెన టేపు కేసి చూస్తూ కూర్చుంది.

"ఇంకోటి చెప్పనా?" అంది కెప్టెన్. "నువ్వు కూడా పూర్తిగా ఎగరడం లేదు. పక్కన ఎవరైనా ఉంటే ముందే దిగిపోతున్నావు. వాళ్ళెవరూ గమనించలేదు. బెంచీ మీద కూర్చున్నదానికి ఇంకేం పని, నేను గమనించాను."

ఆ మాట నిజం. నిచ్చెన తనకు తాను కూడా ఒప్పుకోని నిజం. గాలిలో ఉండగా ఎవరి జుట్టో కనిపిస్తే చాలు, ఆ చప్పుడు మళ్ళీ చెవిలో వినిపించేది. అక్కతో సైతం ఈ సంగతి చెప్పలేదు. ఆ పొద్దున కెప్టెన్‌తో చెప్పింది. కెప్టెన్ ఓదార్చలేదు. లేవమని చెయ్యి అందించింది.

మొదటి రోజు ఇద్దరూ ఒకరికొకరు బారెడు దూరంలో ఎగిరారు. ఫిజియో నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. తర్వాత కొంచెం దగ్గర. ఇంకొన్నాళ్ళకు భుజం భుజం తగిలింది. ఒకసారి కాలు కాలు తొక్కుకుని ఇద్దరూ దబ్బున కింద పడ్డారు. కెప్టెన్ మోకాలు తడుముకుంది, వంచింది, చాపింది. "ఎంత బరువున్నావే తల్లీ," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. పడి ఉన్న చోటి నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ వారం మ్యాచ్‌లో నిచ్చెన చెయ్యెత్తగానే బంతి సూటిగా ఆమె చేతికొచ్చింది. పిల్లలకు ఎవరు ఏం చెప్పారో ఆమె అడగలేదు.

కెప్టెన్ సీజన్ చివర్లో ఆటలోకొచ్చింది. కానీ పాత మెరుపు లేదు. ఆ సంగతి ఆమెకే అందరికన్నా ముందు తెలిసింది. ఒకప్పుడు దాటేసిన ఆటగత్తెల వెనక ఇప్పుడు అడుగు ఆలస్యంగా పడేది. నిచ్చెన ఆమెకు అడ్డుగోడలా నిలబడి, తరిమేవాళ్ళను ఆపి, దారి తెరిచేది. ఆ దారిలో కెప్టెన్ రింగు దాకా వెళ్ళి కొన్ని బంతులు వేసింది, కొన్ని పోగొట్టింది. సెమీఫైనల్‌లో జట్టు ఓడిపోయింది. హాలు మాత్రం లేచి నిలబడి కెప్టెన్ కోసం చప్పట్లు కొట్టింది. ఆమె తల్లి మెట్లు దిగి వచ్చి కూతుర్ని కౌగిలించుకుని, పక్కనే చెమటతో నిలబడ్డ నిచ్చెన కేసి కాసేపు చూసింది. తర్వాత చేతికందినంత మేర, అంటే మోచేతి దగ్గర, తట్టింది.

ఆట మానేస్తున్నట్టు కెప్టెన్ ముందుగా నిచ్చెనకే చెప్పింది. నా వల్లేనా అని నిచ్చెన అడిగింది.

"నీ వల్లే కావచ్చు. నువ్వు లేకపోతే ఈ నాలుగు మ్యాచ్‌లు కూడా ఆడేదాన్ని కాదు. రెండూ నిజమే. రెంటినీ మోయాలి, ఏం చేస్తాం." నిచ్చెన కన్నీళ్ళు చూసి ఆమే మళ్ళీ అంది. "ఏడవకు. నువ్వేడిస్తే పైనుంచి నా నెత్తిన పడుతున్నాయి."

క్లబ్బు నిచ్చెనతో మరో ఏడాదికి ఒప్పందం రాసుకుంది. కెప్టెన్ సహాయ కోచ్‌గా బెంచీ మీదికి మారింది. అసలు కోచ్ కన్నా ఎక్కువ తిట్టేది ఆమేనని పిల్లలంతా గోల పెడతారు. నిచ్చెనకైతే మరీను. దిగేటప్పుడు పాదాలు చూసుకోమని, మోకాళ్ళు వంచమని, నిద్రపోతున్నావా అని ప్రాక్టీసంతా ఒకటే సతాయింపు. ఆ గొడవంతా నిచ్చెన ఫోన్లో అక్కకు పూసగుచ్చినట్టు చెబుతుంది. అక్క అంతా విని, మరి మోకాళ్ళు వంచుతున్నావా లేదా అని అడుగుతుంది.