వడకర్రీ ముట్టని రెక్కలపురుగు

హేమమాలిని కొడుకు నరేన్ చొక్కా తగిలించిన మేకు పక్కనే, గోడ మీద, ఆ పురుగు పొద్దున్నే కనిపించింది. అరచేయంత ఉంది. గోధుమరంగు రెక్కలు, ఒక్కో రెక్క మీద అద్దం బిళ్ళలాంటి గుండ్రటి మచ్చ. చెన్నై తొండియార్‌పేటలో ఆ వీధి వీధంతా వచ్చి చూసింది గానీ అదేమిటో ఒక్కరికీ తెలియలేదు. తెలియకపోతే నోరు మూసుకుని పోవచ్చుగా! గబ్బిలం పిల్ల అన్నారొకరు. విషప్పురుగు, కొట్టి చంపమన్నారు ఇంకొకరు.

హేమమాలిని చీపురు లాక్కుని బయట పారేసింది.

"ఎవరన్నా దాన్ని ముట్టుకుంటే చూడండి! వాడే వచ్చినాడు. వాడి చొక్కా కాడికే వచ్చినాడు" అంది.

వచ్చినవాళ్ళు వెనక్కి తగ్గారు. ముందురోజు జరిగిన కర్మలో ఆ తల్లి పడ్డ యాతన అందరూ చూసిందే. పిండం పెట్టి ఎంతసేపు కాచుకున్నా కాకి రాలేదు. "నీ చెల్లెల్ని బాగా చదివిస్తాంరా" అని తండ్రి యతిరాజులు చేతులు జోడించాడు. "నీ బండి ఎవరికీ అమ్మములేరా" అని మేనమామ మొక్కుకున్నాడు. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని చూశాయే గానీ ఒక్కటీ దిగలేదు. చివరికి పిండం ఆవుకు పెట్టి ఇంటికొచ్చారు.

అవే కాకులు! వాడు పోయిన రోజు పొద్దున వాడి కంచంలోని దోసెల మీద ఎలా ఎగబడ్డాయో హేమమాలినికి తెలుసు. "రోజూ దోసెకు పొడేనామా? వడకర్రీ చేయకూడదా?" అని వాడు విసుక్కున్నాడు. "తింటే తిను, లేకుంటే లేచి పో" అంది ఆమె. వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆ రోషంలో ఆమె దోసెలు తీసుకెళ్ళి మిద్దె పిట్టగోడ మీద పడేసింది. క్షణంలో కాకులు ఊడ్చిపెట్టాయి. అంబత్తూరులో కంపెనీకి చేరకముందే లారీ కింద పడి పోయాడు చేతికందొచ్చిన కొడుకు. పరగడుపున పోయాడు. ఆనాటినుంచి ఆమె మెతుకు ముట్టలేదు. వాడు తింటేగాని తినదట. కాఫీ నీళ్ళతోనే బతుకుతోంది.

ఇప్పుడు వాడే వచ్చాడు కదా. హేమమాలిని శనగపప్పు నానేసి, రుబ్బి, వడలు వేసి, చిదిమి మసాలాలో ఉడికించి వడకర్రీ చేసింది. దోసెలు పోసింది. పోయినవాళ్ళకి పెట్టేది రుచి చూడకూడదు కాబట్టి నాలుక మీద వేసుకోలేదు. స్టూలు వేసి, ఆకులో పెట్టి, పురుగు ముందుంచింది. అది కదల్లేదు. వేలికి చక్కెరనీళ్ళు అద్ది దగ్గర పెట్టింది. అది రెక్కలు కాస్త విప్పి మళ్ళీ ముడుచుకుంది.

"ఇంకా కోపమా నైనా? ఒక్క ముద్ద తినరా. తప్పు నాదేరా" అని గోడకు తల ఆనించింది.

కూతురు మైత్రి ఫోన్లో పురుగు ఫోటో తీసి, కాలేజీలో జువాలజీ చెప్పే పెరుమాళ్ సారుకు పంపింది. సాయంత్రానికి ఆయన ఫోన్ చేశాడు. ఆ పిల్ల అంతా విని, వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా, అది దసలిపట్టు పురుగుమా. మన వాకిట్లో బాదం చెట్టు ఉండాది కదా, ఆడ గూడు కట్టుకోని, రెక్కలొచ్చినాక ఈడికి వచ్చింది. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి. రెక్కలొచ్చినాక తినలేదుమా. దానికి నోరే ఉండదంట."

"చూస్తివా హేమా, కోపమూ లేదు ఏమీ లేదు. అది ఉత్త పురుగు. లేచి ఇంత తిను" అన్నాడు యతిరాజులు, పాపం, ఊరట చెప్పాననుకుని.

హేమమాలిని చాలాసేపు ఆ పురుగునే చూసింది. కొడుకనుకుని పొద్దుటినుంచి కళ్ళలో పెట్టుకున్నది ఉత్త పురుగై గోడ మీద మిగిలింది.

"నోరున్నప్పుడు అడిగినాడే" అంది. "నోరు తెరిచి అడిగినాడే నా బిడ్డ. నేను పెట్టకపోతినే."

తండ్రి ముఖం తిప్పుకున్నాడు. మైత్రి మాత్రం స్టూలు మీది ఆకు తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"నాకు పెట్టుమా. నాకు నోరుంది. నాకు ఆకలవతా ఉంది."

ఆ పిల్లను ఇన్నాళ్ళూ తిన్నావా అని అడిగినవాళ్ళు లేరు. హేమమాలిని కూతురి ముఖం కొత్తగా చూసింది. దవడలు పీక్కుపోయి ఉన్నాయి. దోసె తుంచి, వడకర్రీ అద్ది నోట్లో పెట్టింది. పిల్ల నమిలి, మింగి, తనూ ఒక ముక్క తుంచి అమ్మ నోటి దగ్గరికి తెచ్చింది. కాసేపు పెదవులు బిగించుకుని, తర్వాత నోరు తెరిచింది తల్లి.

రెండుసార్లు నమిలి ఆగిపోయింది.

"ఇందులో ఉప్పే వేయలేదు కదే."

"పరవాల్లేదుమా. బాగుంది."

"ఏం బాగుంది? వాడుంటే ఈపాటికి కంచం తోసి లేచుండునే" అంది హేమమాలిని. నోట్లో ముద్ద అలాగే ఉంది. వాడు పోయినాక మొదటిసారి బావురుమంది.